ఒరిజినల్స్

ఆదినారాయణ మధ్యాహ్నం భోంచేసి మెట్లు దిగి వచ్చేటప్పుడు మంచి మనసుతో ఉంటాడని మగ్గాల దగ్గర అందరికీ తెలుసు. వక్కాకు నములుతూ వస్తాడు. ఎవరినో ఒకరిని పేరు పెట్టి పలకరిస్తాడు. స్వర్ణ పొద్దుటినుంచీ ఆ సమయం కోసమే కాచుకుని ఉంది. ఆయన డిజైను గదిలోకి తొంగి చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సార్, నా సర్టిఫికెట్లు..."

"ఏం సర్టిఫికెట్లమ్మా?"

"పనిలో చేరేటప్పుడు మీకిచ్చినవి సార్. గురువారం కుప్పంలో వెరిఫికేషనుండాది. కాలేజీలో, కంప్యూటర్ ల్యాబు పోస్టు. పోయిన నెలలోనే చెప్పినాను గదా."

చెప్పలేదని ఆయన అనలేదు. లోపలికి వచ్చి, బల్ల మీది ల్యాప్‌టాప్ మూతను అరచేత్తో తుడిచాడు.

"అవి యాడికీ పోలేదు. బీరువాలో భద్రంగా ఉండాయి. మీ ఇంట్లో ఉండింటే ఈపాటికి ఎలకలు కొట్టేసుండు. సరే, నువ్వు పోతే దీన్ని తెరిసేది ఎవురు?"

అది ఈ కాలపు ల్యాప్‌టాప్ కాదు. ఇటుకంత మందం. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైరు ఊడితే ఆరిపోతుంది. లోపల తారీకును గుర్తుపెట్టుకునే చిన్న బిళ్ళ కూడా పోవడంతో, ఆన్ చేసిన ప్రతిసారీ స్వర్ణ ఇంకా పుంగనూరు బడికి పోతున్న కాలం నాటి తారీకు చూపిస్తుంది. అయినా మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో ఆదినారాయణ మగ్గాలన్నీ దాన్నే నమ్ముకుని ఉన్నాయి. పట్టుచీరల అంచులూ బుటాలూ కొంగులూ గీసే సాఫ్ట్‌వేరు పాత విండోసులో తప్ప తెరుచుకోదు. అది కూడా ల్యాప్‌టాప్ వెనక ప్రింటరు వైరు పెట్టే చోట 'లాక్' అనే బొటనవేలంత ముక్క తగిలించి ఉంటేనే. ఆ ముక్క పట్టే చోటు కొత్త కంప్యూటర్లకు లేదు. గీసిన డిజైను ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టే మిషను కూడా ఈ పెట్టె మాటే వింటుంది. ఆ అట్టలు మగ్గం మీదికి ఎక్కితేనే పట్టులో నెమలి లేస్తుంది.

స్కాను చేసే కంప్యూటరు పోయిన వానలకు పిడుగు దెబ్బ తిన్నది. మెయిళ్ళు చూసేది అంతకు ముందే మూలపడింది.

"మూడు పనులూ దీంట్లోనే వచ్చేట్ల చెయ్యి" అన్నాడు ఆదినారాయణ. "రేపు కొత్త పిల్ల వస్తాంది. దీప అని, పెద్దపంజాణి పిల్ల. దగ్గరుండి నేర్పించు. ఆ పిల్ల కుదురుకుంటానే నీ కాగితాలు తీసుకోని నువ్వు పోవచ్చు."

"గురువారం లోపల అయితుందా సార్?"

"నువ్వెంత బిరీన జేస్తే అంత బిరీన." ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. గొంతు కొంచెం మెత్తబడింది. "ఈడ నేర్చుకుంటారు, పోయి బెంగుళూరులో కూసుంటారు. నేనేం జేసేదమ్మా? నా మగ్గాలు నడవాల గదా."

ఆయన చెడ్డవాడైతే ఇంత కష్టముండేది కాదు. జ్వరం వస్తే ఆటో పిలిపించి బస్టాండుకు పంపిన మనిషి. పండక్కి అమ్మకు చీర ఇచ్చిన మనిషి. బీరువా తాళం మాత్రం ఆయన మొలతాడుకు ఉంటుంది.

పాత డిస్కు ఎప్పుడైనా పోయేలా ఉంది కాబట్టి ముందు దాని మీది డిజైన్లను కాపీ చేయడానికి కూర్చుంది. లోపల ఎవరో గోటితో గీరుతున్నట్టు చప్పుడు. ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే తెర మీద పైకి జారుతున్నాయి. చిలకంచు. మామిడి పిందె కొంగు. ఏనుగు బుటా, చిన్నది. వాటిలో సగానికి పైగా ఆమె గీసినవే. ఏ చీర మీదా ఆమె పేరు ఉండదు, ఉండాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఈ సాఫ్ట్‌వేరు తప్ప ఇంకేదీ వాటిని తెరవలేదు. ఈ గది దాటితే తన గీత మళ్ళీ తనకు కనబడదన్న సంగతి ఆ రోజే తట్టింది.

మధ్యలో చప్పుడు ఆగింది.

స్వర్ణ చేతులు ఒళ్ళోకి వచ్చేశాయి. ఆగిపోనీ, అనిపించింది. తెరవడానికి ఏమీ మిగలకపోతే తెరిచే మనిషీ అక్కర్లేదు. కదలని తెరను చూస్తూ అలాగే కూర్చుంది. గోడ అవతల మగ్గాలు కొట్టుకుంటున్నాయి. తర్వాత ల్యాప్‌టాప్‌ను మెల్లగా ఒక పక్కకు ఎత్తి, వంచి పట్టుకుంది. గీరుడు మళ్ళీ మొదలైంది. చివరి ఫైలు దాటేదాకా ఆ చెయ్యి దించలేదు.

బస్టాండు దగ్గర మునిశేఖర్ రిపేరు షాపులో దొరికిన డిస్కును లోపల బిగించింది. అన్నదమ్ములు చేనికి గట్లు వేసుకున్నట్టు దాన్ని మూడు భాగాలు చేసింది: డిజైన్లకు పాత విండోసు, స్కానుకు దాని తర్వాతి విండోసు, మెయిళ్ళకు లినక్సు. ఇక వరసగా ఎక్కించాలి. అన్నిటికన్నా పాతది ముందు, కొత్తది ఆఖరున. పాతదానికి తన తర్వాత పుట్టినవాటి సంగతి తెలియదు. వెనక వచ్చిందంటే గుమ్మంలో తానే కూర్చుంటుంది, మిగతావాటికి దారివ్వదు.

పాత విండోసు సీడీ చేతిలోకి తీసుకునేసరికి ఆదినారాయణ మళ్ళీ వచ్చాడు.

"మెయిలొచ్చేది ముందు పెట్టు. బెంగుళూరు పార్టీ పెండ్లి చీరలకు ఫోటోలు పంపినాడంట. పొద్దన్నించి ఒకటే ఫోన్లు."

మెయిలొచ్చేదంటే లినక్సు. అది ఆఖరున ఎక్కాల్సింది. 'కాదు సార్' అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ గదిలో ఆ మాట అని ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

"సరే సార్" అంది.

దీప మంగళవారం పొద్దున వచ్చింది. డిప్లొమా అయిపోయిన పిల్ల. చెప్పులు గుమ్మం బయటే వదిలి, బ్యాగు గుండెకు అదుముకుని నిలబడింది. ఆదినారాయణ ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. వాళ్ళ నాయన పేరు చిన్నప్ప అని విని, పెద్దపంజాణిలో తనకు తెలిసినవాళ్ళ పేర్లు చెప్పాడు. అంతా అయ్యాక అడిగాడు.

"సర్టిఫికెట్లు తెచ్చినావా పాపా?"

"జెరాక్సులు తెచ్చినాను సార్."

"ఒరిజినల్స్ తేవాలమ్మా. ఈడ అందరివీ నా కాడే ఉంటాయి. స్వర్ణక్కను అడుగు, కావాలంటే."

దీప స్వర్ణ వైపు చూసింది. స్వర్ణ సీడీ పెట్టే అరను బొటనవేలితో నొక్కి పట్టుకుని ఉంది, వదిలితే అది ముందుకు వచ్చేస్తుంది. తల ఊపిందో లేదో ఆమెకే తెలియలేదు. దీప మాత్రం ఊపిందనే అనుకుంది.

"రేపు తెస్తాను సార్" అంది.

పిల్ల చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆదినారాయణ స్వర్ణ కుర్చీ పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"నువ్వే నచ్చజెప్పు. భయపడేది ఏం లేదని, నీవి గూడా ఉండాయని చెప్పు. ఆ పిల్లవి లోపలికి వస్తానే నీవి బయటికి తీస్తాను. నీకు గూడా మంచిదే గదా."

ఆయన వెళ్ళాక స్వర్ణ తెర వైపు తిరిగింది. పాత విండోసు తనను తాను నింపుకుంటూ నీలం గీతను కొద్దికొద్దిగా పొడిగిస్తోంది. నాలుగేళ్ళ క్రితం తాను ఫైలు ఇచ్చిన రోజు కూడా ఇదే కుర్చీలో ఒక అక్క కూర్చుని ఉంది. పేరు బయ్యమ్మ. "ఇచ్చేయిమ్మా, ఏం కాదు" అని తల ఎత్తకుండానే చెప్పింది. ఆ మరుసటి వారం బయ్యమ్మ రాలేదు. పెళ్ళి కుదిరిందేమో అనుకుంది అప్పుడు.

ఒకదాని తర్వాత ఒకటి, రెండు విండోసులూ ఎక్కాయి. సాయంత్రం ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేస్తే, ఏది కావాలో అడగవలసిన చోట తెర ఏమీ అడగలేదు. నేరుగా విండోసులోకి పోయింది. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. పొద్దున దాకా పనిచేసిన లినక్సు జాడే లేదు.

"చెరిగిపోయిందాక్కా?" అంది దీప.

"చెరగలే. లోపలే ఉండాది. బయటికి వచ్చే దోవ మూసకపోయింది, అంతే."

 

పుంగనూరులో ఇంటికి చేరేసరికి అమ్మ చెంగమ్మ గురువారానికి కట్టుకోవలసిన చీరను మడత పెట్టి పరుపు కింద ఉంచుతోంది, ఇస్త్రీ చేసినట్టు ఉంటుందని. మదనపల్లె టమోటా యార్డులో కాయలు ఏరి ఏరి ఆమె వేళ్ళు వంగిపోయి ఉంటాయి. ఆ వేళ్ళతోనే చీరను నాలుగు వైపులా సర్దింది.

"ఇచ్చినాడా?"

"ఇస్తాడంట."

"ఎప్పుడంట?"

స్వర్ణ కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది. "కొత్త పిల్లవి తీసుకోని నావి ఇస్తాడంట."

చెంగమ్మ పరుపు దించి, దాని మీద కూర్చుంది. "ఆ పిల్లవి ఎవురు వస్తే ఇస్తాడంట?" అని మాత్రం అడిగింది.

బుధవారం స్వర్ణ వచ్చేసరికే దీప గదిలో ఉంది. బ్యాగులోంచి నీలం ప్లాస్టిక్ ఫైలు మూల కనబడుతోంది. సార్ ఇంకా కిందికి దిగలేదట.

స్వర్ణ పని మొదలుపెట్టింది. లినక్సు సీడీతో ల్యాప్‌టాప్‌ను లేపి, డిస్కులో మూడు భాగాలూ ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించి, గుమ్మంలో మళ్ళీ లినక్సును నిలబెట్టాలి. అది కొత్తది, మిగతా రెంటినీ గుర్తుపడుతుంది. ఒక్కో ఆజ్ఞ కొడుతూ ఏది ఎందుకో దీపకు చెప్పింది. పిల్ల చురుకైనదే, అడగవలసిన చోటే అడుగుతోంది.

"లాక్ తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చెయ్యద్దు. వైరు కదలకుండా సూసుకో. తారీకు తప్పు సూపిస్తే భయపడద్దు, ఎఫ్-ఒకటి నొక్కు."

"సరే అక్కా." కాస్త ఆగి అడిగింది. "మీవి గూడా ఈడే ఉండాయంట గదా?"

స్వర్ణ వేళ్ళు కీల మీద ఆగాయి. చెప్పవలసిన మాట నాలుక మీద సిద్ధంగానే ఉంది. ఏం కాదు, ఇచ్చేయి. ఆ మాట అంటే చాలు, మధ్యాహ్నానికి తన ఫైలు తన చేతిలో ఉంటుంది. రేపు ఈ పాటికి కుప్పం.

"ఉండాయి" అంది. "నాలుగేండ్లుగా ఉండాయి. రెండు తూర్లు వేరే ఉద్యోగాలొచ్చినాయి, అడిగినాను, ఇయ్యలే. ఇయ్యనని అనడు. సూద్దాం అంటాడు." మళ్ళీ కీల వైపు చూసింది. "పని మంచిదే దీపా. నేర్చుకో. ఆ ఫైలు మాత్రం ఇయ్యద్దు."

దీప ఫైలు మూలను లోపలికి తోసి, బ్యాగు జిప్పు లాగింది.

ల్యాప్‌టాప్ ఆపి, వేశారు. నల్లటి తెర మీద మూడు పేర్లు, ఒకదాని కింద ఒకటి. స్వర్ణ మొదటిది ఎంచుకుంది. పాత విండోసు లేచింది. లాక్ మీద చిన్న దీపం మినుకుమంది, సాఫ్ట్‌వేరు తెరుచుకుంది. చిలకంచు తెరిచి చూసింది. ఒక్క గడి కూడా చెదరలేదు. రెండోది, మూడోది కూడా వేసి చూశారు. బెంగుళూరు పార్టీ ఫోటోలు వచ్చి ఉన్నాయి.

ఆపి, మళ్ళీ మూడు పేర్ల దగ్గరికి తెచ్చేసరికి ఆదినారాయణ గుమ్మంలో ఉన్నాడు.

"అయిందా? బంగారం లాంటి చెయ్యమ్మా నీది." నవ్వుతూ దీప వైపు తిరిగాడు. "ఫైలు తెచ్చినావా పాపా?"

"జెరాక్సులే ఇస్తాను సార్" అంది దీప, నేల చూస్తూ. "ఒరిజినల్స్ ఇంట్లో పెట్టుకుంటాం."

ఆయన ఆమె బ్యాగు వైపు చూశాడు. తర్వాత స్వర్ణ వైపు.

"నువ్వు చెప్పినావా?"

"చెప్పినాను సార్."

ఆయన కేకలు వేయలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, కండువాతో మెడ తుడుచుకున్నాడు. దీపతోనే మాట్లాడాడు, చాలా నెమ్మదిగా.

"సూడు పాపా. ఈమెకు రేపు కుప్పంలో ఉద్యోగం. ఈమె కాగితాలు నేనియ్యాల. నీవి నా కాడికి వస్తే ఈమెవి ఇచ్చేస్తాను. నువ్వు ఇయ్యకుంటే ఈమె పోయేది లేదు. ఇంగ నీ ఇష్టం."

దీప కళ్ళెత్తి స్వర్ణను చూసింది. అవతల మగ్గాల్లో ఒకటి ఆగింది, ఎవరో దారం ముడి వేస్తున్నట్టుంది. దీప చెయ్యి మెల్లగా జిప్పు మీదికి పోయింది.

స్వర్ణ లేచి వచ్చి ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టింది.

"ఇయ్యద్దు."

చెయ్యి అక్కడే ఉంచి ఆదినారాయణ వైపు తిరిగింది.

"నేను రేపు కుప్పం పోతాండాను సార్. కాగితాలున్నా పోతాను, లేకున్నా పోతాను."

"వట్టి చేతుల్తో పోతే ఎవురిస్తారు ఉద్యోగం?"

"రాకపోతే రాకపోనీ. ఏల లేవని అడిగితే, ఉండేది ఉన్నట్టు చెప్తాను."

"ఏమని చెప్తావు?"

"మీ బీరువాలో ఉండాయని."

ఆయన నోట్లో వక్కాకు నమలడం ఆగింది. స్వర్ణ క్యారియరు, గొడుగు తీసుకుంది. దీప బ్యాగు భుజాన వేసుకుని ఆమె వెనకే నడిచింది. గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి ఆయన గొంతు వినబడింది.

"ఇది మూడు పేర్లు సూపిస్తాంది. దేన్ని నొక్కేది?"

"మొదటిది సార్" అంది స్వర్ణ, ఆగకుండానే.

కుప్పం బస్సు వి.కోట దాటాక చాలాసేపు రోడ్డు మీదే నిలిచిపోయింది. ఏనుగులు రోడ్డు దాటి రాగి చేలోకి దిగాయట, ఫారెస్టు వాళ్ళు తోలుతున్నారట. ప్రయాణికులు దిగి చూస్తున్నారు. స్వర్ణ దిగలేదు. ఒళ్ళో జెరాక్సుల కవరు పెట్టుకుని, కాలేజీలో చెప్పవలసిన మాటలను రకరకాలుగా పేర్చుకుంటూ కూర్చుంది. ఎలా పేర్చినా తనదే తప్పులా వినబడుతున్నాయి.

కాలేజీ ఆఫీసులో ప్రతాప్ అనే గుమాస్తా కాగితాలు చూస్తున్నాడు. ఆమె వంతు వచ్చేసరికి వెనక వరస ఇంకా పొడుగ్గానే ఉంది.

"ఒరిజినల్స్?"

"లేవు సార్."

"పోయినాయా?"

"పోలేదు. నేను పనిజేసే కాడ ఓనరు పెట్టుకున్నాడు. అడిగితే ఇయ్యలేదు."

పేర్చుకున్నవేవీ గుర్తురాలేదు, అంతే వచ్చింది. ప్రతాప్ ఆశ్చర్యపోలేదు. ముందువాళ్ళ కాగితాల మీద స్టాంపు వేస్తూనే అడిగాడు.

"ఏ ఊరు?"

"మదనపల్లె."

"ఆ పక్కనించి ఇట్లాంటివి వస్తానే ఉంటాయి. నంబరు చెప్పు."

చేతిలో స్టాంపు ఉండడంతో ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు వేశాడు. రెండుసార్లు మోగి, ఆదినారాయణ గొంతు వచ్చింది. వెనక మగ్గాల చప్పుడు.

"కుప్పం కాలేజీ ఆఫీసునించి మాట్లాడతాండాను. స్వర్ణ అనే ఆమె ఒరిజినల్స్ మీ కాడ ఉండాయంట గదా. ఏల పెట్టుకున్నారు?"

కాసేపు మగ్గాలే వినిపించాయి.

"అయ్యో, పెట్టుకునేది ఏముండాది సార్" అన్నాడు ఆదినారాయణ. "పాప మరిచిపోయి పోయింది. ఎప్పుడైనా వచ్చి తీసకపొమ్మని చెప్పండి."

"సరే." ప్రతాప్ ఫోను ఆపి, ఆమె జెరాక్సుల మీద ఏదో రాసుకున్నాడు. "సోమవారం లోపల తెచ్చి సూపించు. తర్వాత ఎవరు?"

స్వర్ణ వరండాలో బెంచీ మీద కూర్చుంది. సంతోషం వస్తుందేమోనని చూసింది, రాలేదు. అంతేనా, అనుకుంది. ఇంత చిన్నదా. మొహం కూడా చూడని మనిషి, స్టాంపు కింద పెట్టకుండా అడిగాడు. బీరువా తెరుచుకుంది. ఆ బీరువా ముందు తాను ఎన్ని మధ్యాహ్నాలు నిలబడిందో, ఎంత మెత్తగా అడిగిందో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కోపం వచ్చింది. ఆయన మీద ఎంతో, తన మీద ఎంతో తెలియలేదు. కళ్ళు తుడుచుకుని, కొళాయి దగ్గర మొహం కడుక్కుని బస్టాండుకు నడిచింది.

మర్నాడు డిజైను గదిలో స్వర్ణ కుర్చీలో దీప కూర్చుని ఉంది. తెర మీద ఏనుగు బుటా.

"జెరాక్సులే ఇచ్చినానక్కా" అంది, చిన్నగా. "పొద్దున ఆయనే ఫోన్ జేసి, అవే తెమ్మన్నాడు."

ఆదినారాయణ పై గదిలో బీరువా తెరిచి ఉంచాడు. లోపల ఇంకా కొన్ని ఫైళ్ళు ఉన్నాయి, ఎవరివో. ఆయన ఆమె వైపు చూడకుండా ఒక కవరు అందించాడు.

"నేనేమన్నా తినేస్తానా వీటిని? మాట వరసకు సూద్దాం అంటే అంత దూరం పోయి చెప్తివి. ఇంగ తీసకపో."

ఇలాంటప్పుడు కవరు అందుకుని, దండం పెట్టి, గబగబా మెట్లు దిగడం ఆమెకు అలవాటు. కాళ్ళు అటే తిరిగాయి కూడా. ఆగింది. ఆయన బల్ల ముందున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. కవరులోని కాగితాలను బల్ల మీద పరిచింది.

పదో తరగతిది తీసింది. తన పేరు చదివింది, అమ్మ పేరు చదివింది, నంబరు చదివింది. వెలుతురుకు పట్టి చూసి, వెనక్కి తిప్పి, పక్కన పెట్టింది. డిప్లొమా మొదటి ఏడాది మార్కులు తీసింది.

"అన్నీ ఉండాయి" అన్నాడు ఆదినారాయణ.

"సూస్తాండాను సార్."

కింద బేరగాళ్ళు వచ్చారని ఎవరో కేకేశారు. ఆయన కదలబోయి, బీరువా తెరిచి ఉండడం చూసి, ఆమె ఎప్పుడు లేస్తుందా అని అక్కడే నిలబడిపోయాడు. తాళంచెవుల గుత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. స్వర్ణ తల ఎత్తలేదు. ఆఖరి కాగితం కూడా వెనక్కి తిప్పి చూసింది. అన్నీ ఉన్నాయి. కాగితాలను సమంగా తట్టి, ఒక దొంతి చేసింది.

తర్వాత పదో తరగతిది మళ్ళీ చేతిలోకి తీసుకుని, మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.